చేటలో కురిసిన వాన

శనివారం ఉదయం పెద్దన్న వేసుకున్న పథకంలో ప్రమాదకరమైనది ఏదీ లేదు. కాఫీ తాగి, వేడినీళ్ళు పుక్కిలించి, వంటింట్లోంచి ఒక చేట, గుప్పెడు శనగలు, కోడలు కేకు చేసుకునే రేకు పళ్ళెం తీసుకుని కిందికి దిగాలి. సాయంత్రం కార్యక్రమానికి మైకు ముందు ఒకసారి రిహార్సల్ వేసుకోవాలి. భోజనాల వేళకు పైకి రావాలి. అంతే. ఆ చేట వల్ల అపార్టుమెంటు అపార్టుమెంటంతా రోడ్డున పడుతుందని ఆయనకే కాదు, చేటకు కూడా తెలియదు.

పెద్దన్నది కడప జిల్లా. కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరై, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కొడుకు సురేంద్ర దగ్గరికి, గోపన్‌పల్లికి వచ్చేశాడు. వస్తూ వస్తూ తన పాత రేడియోను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఆ రేడియో ఇప్పుడు గురగురమనడం తప్ప ఇంకేమీ చేయదు. అది పలకాల్సిందంతా పెద్దన్నే పలుకుతాడు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

వాళ్ళుండే జలతరంగ్ హైట్స్‌లో ఆయనతో పాటు లిఫ్టు ఎక్కినవాళ్ళకు రేడియో ప్రశ్న తప్పేది కాదు. "ఏమబ్బాయ్, ఒకప్పుడు ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే లైసెన్సు ఉండాల. దాని ఫీజు యాడ కట్టేవాళ్ళో చెప్పు సూద్దాం?" అనేవాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాడు బిక్కమొహం వేసేవాడు. లిఫ్టు తలుపులు మూసుకుంటుండగా ఆ సందులోంచి, "పోస్టాఫీసులో నాయనా, పోస్టాఫీసులో!" అని జవాబు వినిపించేది. నెల తిరిగేసరికి ఆ బ్లాకు కుర్రాళ్ళు మెట్లెక్కడం మొదలుపెట్టారు. వాళ్ళ ఆరోగ్యం బాగుపడింది గానీ ఆ పుణ్యం పెద్దన్న ఖాతాలో ఎవరూ వేయలేదు.

సురేంద్ర ఓపిక నశించింది మాత్రం వేరే సందర్భంలో. అతను ఇంటి నుంచి మీటింగులో ఉండగా పెద్దన్న వెనక నుంచి వచ్చి, తెరమీద ఉన్న ఆస్ట్రేలియా దొరను, "మీ దేశంలో రేడియో పెట్టంగానే పలికేదా, లేకుంటే మా మాదిరి వాల్వులు వేడెక్కేదాకా కాసుకోని కూర్చునేవాళ్ళా?" అని అడిగాడు. దొర ఎంతో ఆసక్తిగా, ఆయన ఏమంటున్నాడో చెప్పమన్నాడు. తన టీము మొత్తం వింటుండగా సురేంద్ర ఆ ప్రశ్నను తర్జుమా చేయాల్సి వచ్చింది.

అందుకే, క్లబ్‌హౌస్‌లో శనివారం సాయంత్రం 'రేడియో రోజులు' పేరుతో పాత రేడియో కబుర్లు, ప్రశ్నల పోటీ పెట్టుకోవడానికి అసోసియేషన్ ఒప్పుకున్నప్పుడు సురేంద్ర ఒక షరతు పెట్టాడు.

"నాయనా, ఈ ఒక్క సాయంత్రం నీది. సజావుగా జరిగిందా, ఇంక నేను నీ రేడియో జోలికి రాను. ఏమన్నా తేడా వచ్చిందనుకో, రేడియో అటకెక్కాల. నువ్వు లిఫ్టులో నోరెత్తకూడదు."

"సరేరా" అన్నాడు పెద్దన్న. ఆ మాట ఆయన తేలిగ్గా అనలేదు. వయసులో ఉన్నప్పుడు రేడియోలో వార్తలు చదవాలని మూడుసార్లు పరీక్షకు వెళ్ళి, 'గొంతు బాగుంది, యాస పోవాలి' అని మూడుసార్లూ వెనక్కి వచ్చినవాడు. యాస పోగొట్టుకున్నాడు గానీ ఈలోగా వయసు కూడా పోయింది. మైకు ముందు కూర్చుని నలుగురికి వినిపించాలన్న కోరిక మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇక ఈ సాయంత్రం కూడా చేజారితే మరో సాయంత్రం రాదని ఆయనకు తెలుసు.

కోడలు దివ్య మామగారి పక్షమే. ఫోన్లలోని యాప్‌లు ఏ ఊరివాళ్ళతో ఆ ఊరి భాషలో మాట్లాడేలా చూడడం ఆమె ఉద్యోగం. మామగారు రాసుకున్నది విని, తన ఆఫీసు తెలివినంతా ఆయనకు ధారపోసింది.

"మామా, కోరిన పాటల్లో రాజంపేట నుంచి ఫలానావాళ్ళు అని చదివితే ఇక్కడ ఎవరికి పడుతుంది? లోకలైజ్ చేయాలి. మన అపార్టుమెంటు పేర్లు పెట్టండి. ఆ పాత వరద వార్త ఉంది చూశారా, అందులో పెన్నానది తీసేసి ఇక్కడి ఊళ్ళు పెట్టండి. వినేవాళ్ళకు ఇది మన సంగతే అనిపించాలి."

పెద్దన్నకు ఆ మాట బాగా నచ్చింది. పెన్ను తీసుకుని పెన్నానదిని ఒక్క గీతతో కొట్టేశాడు.

మైకు ఉన్నది క్లబ్‌హౌస్ వెనక చిన్న గదిలో. నీళ్ళ ట్యాంకరు వచ్చిందనీ, ఫలానా నంబరు కారు అడ్డంగా ఉందనీ ప్రతి బ్లాకు వరండాలోనూ స్పీకర్లు మోగేది ఆ మైకుతోనే. అసోసియేషన్ సెక్రటరీ నర్సింహ గది తాళం ఇచ్చాడు. ఆయన అదే ఊరివాడు. ఒకప్పుడు తమ జొన్నచేను ఉన్నచోటే ఇప్పుడు నాలుగో అంతస్తులో ఉంటున్నాడు.

"పెద్దాయనా, గీ పచ్చ లైటు ఎలిగిందంటే మైకు నడుస్తున్నట్టు. క్లబ్‌హౌస్‌ల తప్ప యాడ ఇనిపియ్యది. ఫికర్ చెయ్యకు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ముందురోజు ట్యాంకు కడుగుతున్నామని అన్ని బ్లాకులకూ చెప్పడానికి మైకు మీటను క్లబ్‌హౌస్ వైపు నుంచి అటు తిప్పింది తానేననీ, తిరిగి ఇటు తిప్పలేదనీ నర్సింహకు గుర్తులేదు. ఆ గదిలో స్పీకరు లేదు. తన గొంతు ఎక్కడెక్కడ తిరిగి వస్తోందో తెలిసే దారి పెద్దన్నకు లేదు. ఆయన తలుపు వేసుకుని, పచ్చ లైటుకు నమస్కారం చేసి, మొదలుపెట్టాడు.

మైకు ముందు ఆయన మనిషే మారిపోయాడు. కడప ఎటు పోయిందో పోయింది.

"శ్రోతలకు నమస్కారం. మీరు కోరిన పాటల కార్యక్రమానికి స్వాగతం. ముందుగా, వెన్నెల రాత్రి పడవ మీద నాయికానాయకులు పాడుకునే యుగళగీతం. ఈ పాటను కోరినవారు జలతరంగ్ హైట్స్ రెండవ అంతస్తు నుంచి జయలక్ష్మి, నాలుగవ అంతస్తు నుంచి నర్సింహ."

ఆ రెండు పేర్లే ఎందుకు చదివాడంటే, ఆయనకు అపార్టుమెంటులో బాగా గుర్తున్న పేర్లు అవే. జయలక్ష్మి భీమవరంలో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. సెల్లార్‌లో ఆమె చిన్న కారు వెనక నర్సింహ తన పెద్ద బండి అడ్డంగా పెడతాడని రోజూ వాళ్ళిద్దరికీ జరిగే యుద్ధం మూడు బ్లాకులకు వినిపిస్తుంది. అటువంటి ఇద్దరూ కలిసి పడవ పాట కోరుకున్నారని ఇప్పుడు అన్ని బ్లాకులకూ వినిపించింది. వరండాల్లో బట్టలు ఆరేస్తున్నవాళ్ళు క్లిప్పులు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయారు.

జయలక్ష్మి చీపురు పక్కన పడేసి కిందికి దిగింది. నర్సింహ గడ్డం నురగ తుడుచుకుంటూ దిగాడు. ఇద్దరూ క్లబ్‌హౌస్ గుమ్మంలో ఎదురుపడ్డారు.

"ఏమిటండీ ఈ అఘాయిత్యం? నా పేరు పక్కన మీ పేరు చెప్పించడానికి మీకు ఎన్ని గుండెలండీ?"

"నేనెందుకు చెప్పిస్త మేడం? ఇంట్ల నా భార్య లేదా? మీ పేరే ముందు చదివిండు. అంటే ఫస్టు మీరే అడిగినట్టు!"

"నేను పడవ పాట అడగడమేమిటండీ? అదీ మీతోనా! మీరు కారు తీస్తే చాలని నెలల తరబడి అడుగుతున్నాను!"

ఆ సమయంలో వెళ్ళి మైకు ఆపగలిగిన మనిషి నర్సింహ ఒక్కడే. మీట ఎటు తిప్పాలో తెలిసినవాడు ఆయనే. ఆయన మాత్రం గుమ్మంలో నిలబడి, పాట కోరలేదని నిరూపించుకునే పనిలో ఉన్నాడు. లోపల పెద్దన్న గ్లాసుడు నీళ్ళు తాగి, వార్తల్లోకి వచ్చాడు.

వార్త ఆయన యవ్వనంలో విన్నదే. దానికి ముందు కాస్త వాతావరణం ఉండాలి గదా. రేకు పళ్ళెం అంచు పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు. ఉరిమింది. చేటలో శనగలు పోసి మైకు దగ్గర అటూ ఇటూ ఆడించాడు. జోరున వాన. పాత రేడియో నాటకాల్లో వాన కురిపించేది ఇలాగే. ఆ వానలోంచి గొంతు నెమ్మదిగా, గంభీరంగా పైకి వచ్చింది.

"ఇప్పుడే అందిన వార్త. ఎగువన కురుస్తున్న కుండపోత వర్షాలకు గోపన్‌పల్లి పరిసరాల్లోని చెరువు కట్టకు గండి పడింది. వరదనీరు కొద్దిసేపట్లో లోతట్టు ప్రాంతాలకు చేరనుంది. జలతరంగ్ హైట్స్ వాసులు తమ వాహనాలను సెల్లార్ నుంచి తక్షణం తొలగించవలసిందిగా విజ్ఞప్తి."

ఎద్దులనూ బండ్లనూ ఎత్తయిన చోటికి చేర్చాలని అసలు వార్తలో ఉండేది. దాన్ని కూడా ఆయన లోకలైజ్ చేశాడు.

బయట ఎండ పెళ్ళున కాస్తోంది. ఎవరైనా కిటికీ తెర పక్కకు లాగి చూస్తే సరిపోయేది. కానీ ఈ నగరంలో ఆకాశాన్ని చూసి వానను నమ్మే రోజులు పోయాయి. మియాపూర్‌లో గొడుగు పట్టుకున్నవాడు పక్కనున్న మదీనాగూడలో నల్లకళ్ళద్దాలు పెట్టుకోవాల్సి వస్తుంది. పైగా జలతరంగ్ హైట్స్‌లో ఏ కిటికీ నుంచి చూసినా చెరువు కనిపించదు. కట్టిందే చెరువులో గనుక కనిపించదని గిట్టనివాళ్ళు అంటారు. కొన్నవాళ్ళు అనరు గానీ అనుకుంటారు. కాబట్టి ఎవరూ కిటికీ తీయలేదు. అందరూ వాట్సాప్ తీశారు.

'నిజమేనా?' అని ఒకరు పెట్టారు. 'ఇప్పుడే మైకులో చెప్పారు' అని ఇంకొకరు. 'వాన శబ్దం నేను కూడా విన్నా' అని మూడో ఆయన. నాలుగో ఆయన ఏ ఊరిదో, ఏ ఏడాదిదో తెలియదు గానీ, సెల్లార్‌లో కార్లు తేలుతున్న ఫోటో పెట్టాడు. ఇక దాంతో అనుమానం మిగల్లేదు. లుంగీల మీద, నైటీల మీద, తలకు హెన్నాతో, జనం తాళాలు పట్టుకుని సెల్లార్‌కు పరిగెత్తారు. జయలక్ష్మి, నర్సింహ కూడా పడవను మధ్యలో వదిలేసి కార్ల కోసం పరుగందుకున్నారు. చూస్తుండగానే కార్లన్నీ ర్యాంపెక్కి, దగ్గర్లోని యూనివర్సిటీ గోడ పక్కన ఎత్తు రోడ్డు మీద బారులు తీరాయి.

కదలని కారు ఒక్కటే. అది సురేంద్రది. కొత్తది, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. ఆఫీసు పని మీద చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్న సురేంద్ర, ఫోనులో కుప్పలు తెప్పలుగా పడుతున్న మెసేజీలు చూశాడు. 'చెరువు కట్టకు గండి' అన్న మాట చదవగానే అతనికి సంగతి అర్థమైంది. వారం రోజులుగా ఆ గండి రోజూ భోజనాల బల్ల దగ్గర పడుతూనే ఉంది.

"అయ్యో నాయనా!" అనుకుంటూ మెట్ల మీదుగా కిందికి దూకాడు. దారిలో ఎదురైనవాళ్ళందరికీ, "వరదా లేదు, ఏమీ లేదండీ! మా నాయన రిహార్సలు!" అని అరిచాడు.

"ముందు నీ కారు తియ్యి బాబూ!" అన్నారు వాళ్ళు పరుగు ఆపకుండా.

సురేంద్ర గది తలుపు తోసేసరికి పెద్దన్న మొహం వెలిగిపోతోంది. చేతిలో చేట అలాగే ఉంది.

"ఎట్ల వచ్చింది రా? వాన నిజం వాన మాదిరి లేదూ?"

"చాలా బాగా వచ్చింది నాయనా. అపార్టుమెంటంతా రోడ్డు మీద నిలబడుండాది. వచ్చి సూడు."

పెద్దన్న బయటికి వచ్చి చూశాడు. విషయం తెలిసిన జనం అప్పటికే తిరిగి వస్తున్నారు. ఎవరి మొహంలోనూ రక్తం లేదు, కోపం మాత్రం దండిగా ఉంది. తలకు హెన్నా పెట్టుకున్నాయన ఏదో అనబోయి, పెద్దాయన వయసు చూసి ఆగిపోయాడు. నర్సింహ ఆగలేదు.

"గిదేంది పెద్దాయనా! గింత మందిని పరేషాన్ చేస్తవా? సాయంత్రం ప్రోగ్రాం లేదు, ఏం లేదు. క్యాన్సిల్!" అన్నాడు. గదిలోకి వెళ్ళినప్పుడు మీట ఎటు తిరిగి ఉందో ఆయన కంటబడింది. దాన్ని చప్పుడు కాకుండా ఇటు తిప్పి వచ్చాడు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

పెద్దన్న చేతులు జోడించాడు. "తప్పయిపోయిందప్పా. మీరు వింటాండారని నాకు తెలీదు" అన్నాడు. నిజానికి జీవితంలో మొట్టమొదటిసారి అంతమంది ఆయన గొంతు ఒక్కసారిగా విన్నారు, నమ్మారు, లేచి పరుగెత్తారు కూడా. ఆ సంతోషం పడే హక్కు ఆయనకు లేకుండా పోయింది.

పైకి వెళ్ళాక ఎవరూ గుర్తుచేయకముందే స్టూలు వేసుకుని, రేడియోను పాత తువ్వాలులో చుట్టి, తానే అటకెక్కించాడు. సురేంద్ర వద్దనలేదు, కానీ చూడలేక కిటికీ వైపు తిరిగాడు. షరతు పెట్టినప్పుడు లేని బాధ గెలిచాక వచ్చింది. తండ్రితో వెటకారంగా అన్న మాట తనకే చేదుగా తోచింది.

కిటికీలోంచి చూస్తే కింద ఇంకో తిరునాళ్ళ జరుగుతోంది. కార్లన్నీ మళ్ళీ సెల్లార్‌లోకి వెళ్ళాలి. ర్యాంపు మీద ఒకసారి ఒక్క కారే పడుతుంది. అందరికంటే ముందు వచ్చిన జయలక్ష్మి చిన్న కారు, నర్సింహ పెద్ద బండి ఒకేసారి ముక్కులు దూర్చి, ర్యాంపు మొదట్లోనే ఇరుక్కుపోయాయి. ఎవరో ఒకరు వెనక్కి తీస్తే చాలు.

"నేనెందుకు తీస్తానండీ? మొదట ఆ పాట నేను కోరలేదని అందరి ముందూ చెప్పండి!"

"చెప్తే ఏమైతది? మీరు కోరలేదంటే నేను ఒక్కణ్ణే కోరిన అనుకుంటరు. నేను చెప్ప!"

వెనక కార్లు హారన్లు కొట్టాయి. ఎండ మండింది. గేటు దాకా కదలిక లేదు. అలా ఎంతసేపు గడిచేదో గానీ, మదీనాగూడ వైపు నుంచి ఒక నల్లటి మబ్బు, ఎవరో పిలిచినట్టు నేరుగా వచ్చి జలతరంగ్ హైట్స్ నెత్తిన నిలబడింది. ఈసారి ఉరుము రేకు పళ్ళెంలోంచి రాలేదు.

వాన పడలేదు, కుమ్మరించింది. జనం ఎక్కడి కార్లు అక్కడే వదిలేసి వరండాల్లోకి పరుగెత్తారు. రోడ్డు మీది నీళ్ళన్నీ పాత దారి గుర్తొచ్చినట్టు ర్యాంపు వెతుక్కుంటూ సెల్లార్‌లోకి దిగాయి. సురేంద్ర తాళం పట్టుకుని పరుగున వెళ్ళాడు. కారు స్టార్టు చేశాడు, ర్యాంపు దాకా తెచ్చాడు. పైన, దారికి అడ్డంగా, ముక్కుకు ముక్కు ఆనించి రెండు కార్లు నిలబడి ఉన్నాయి. వాటి యజమానులు చెరో వరండాలో నిలబడి ఒకరినొకరు గుడ్లురిమి చూసుకుంటున్నారు.

"మేడం! నర్సింహన్నా! ఎవరో ఒకరు తియ్యండి!" అని సురేంద్ర గొంతు చించుకున్నాడు. ఆ వాన హోరులో అతని మాట ఎవరికీ వినపడలేదు. మైకు ఉంటే వినపడేదేమో.

నీళ్ళు మోకాళ్ళు దాటాక అతను కారు దిగి మెట్లెక్కేశాడు. మెట్ల మీద నిలబడి చూస్తుండగానే నీళ్ళు కారు తలుపులెక్కాయి. లోపల ఏమైందో ఏమో, వైపర్లు వాటంతట అవే అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాయి. చేట ఆడించినట్టే ఉందనిపించింది సురేంద్రకు.

వాన వెలిశాక జనం సెల్లార్ దగ్గర గుమిగూడారు. లోపల నిండుగా నీళ్ళు. ఎన్నో కార్లు ఉండాల్సిన చోట ఒక్క కారు.  ఆ నీళ్ళను చూసి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పొద్దున కోపగించుకున్నవాళ్ళందరికీ ఒకే ఆలోచన వచ్చింది.

అందరికంటే ముందు నర్సింహే పైకి వచ్చి పెద్దన్న చేతులు పట్టుకున్నాడు. "పెద్దాయనా, నీకెట్ల తెల్సిందే? ఆకాశంల మబ్బు ముక్క లేకపాయె!"

"నాకేం తెలుసప్పా! అది యాభై ఏండ్ల కిందటి వార్త. పెన్నమ్మ వరద."

"చూశారా, ఎంత వినయమో!" అంది జయలక్ష్మి వెనక నుంచి కళ్ళొత్తుకుంటూ. "నా కారు నిలబెట్టారండీ. ఆ పాట సంగతి మర్చిపోయాను. పాట మంచిదేలెండి."

"రేడియో చెప్పినంక ఇనాలె. గంతే" అన్నాడు నర్సింహ. సాయంత్రం కార్యక్రమం క్యాన్సిలైన సంగతే క్యాన్సిలైంది.

నీళ్ళకు కరెంటు బోర్డు తడిసి ఆ సాయంత్రం టీవీ లేదు, వైఫై లేదు, లిఫ్టు లేదు. చేయడానికి వేరే పని లేక జలతరంగ్ హైట్స్ మొత్తం క్లబ్‌హౌస్‌కు వచ్చింది. మదీనాగూడలో బహుమతులు కొనడానికి పొద్దున్నే వెళ్ళి, తడిసి ముద్దై తిరిగొచ్చిన దివ్య కొవ్వొత్తులు వెలిగించింది. సురేంద్ర స్టూలెక్కి, అటక మీది రేడియోను తువ్వాలుతో సహా దించి, తుడిచి, తండ్రి ముందు బల్ల మీద పెట్టాడు.

"నాయనా, పొద్దున అట్ల మాట్లాడకుండా ఉండాల్సింది" అన్నాడు మెల్లిగా.

"నీ కారురా..." అన్నాడు పెద్దన్న. ఆయన కళ్ళు నిండాయి.

"కారు సంగతి తర్వాత. జనం ఎదురుచూస్తాండారు. కానీ."

మైకు లేదు. అవసరం కూడా రాలేదు. పెద్దన్న ఒక్కో ప్రశ్న వేస్తుంటే, మెట్లెక్కి ఆరోగ్యం బాగుచేసుకున్న కుర్రాళ్ళు పోటీలు పడి జవాబులు చెప్పారు. లైసెన్సు ఫీజు ఎక్కడ కట్టేవాళ్ళంటే, "పోస్టాఫీసులో!" అని హాలు దద్దరిల్లింది. రేడియో నాటకంలో గుర్రం ఎలా పరుగెత్తేదంటే, "కొబ్బరి చిప్పలు!" అన్నారు. వాన ఎలా కురిసేదని అడిగినప్పుడు మాత్రం జవాబు ఒక్క గొంతుతో వచ్చింది. కింద సెల్లార్‌లో మోటార్లు నీళ్ళు తోడుతుండగా, జనమంతా, "చేటలో శనగలు!" అని అరిచారు. సురేంద్ర కూడా అరిచాడు. అంత దగ్గర్నుంచి చూసినవాడు మరొకడు లేడు.

ఆదివారం అసోసియేషన్ సమావేశమై, రోజూ ఉదయం మైకులో ప్రకటనలు పెద్దన్నగారే చదవాలనీ, మధ్యలో ఒక కోరిన పాట ఉండాలనీ తీర్మానించింది. మీట ఎటు తిప్పాలన్న బాధ్యత నర్సింహ స్వయంగా తీసుకున్నాడు.

సోమవారం పొద్దున సురేంద్ర గేటు బయట బస్‌స్టాపులో, భుజానికి ల్యాప్‌టాప్ సంచితో నిలబడ్డాడు. కారు మెకానిక్ షెడ్డులో తలుపులన్నీ తెరుచుకుని ఆరుతోంది. అపార్టుమెంటు స్పీకర్లలోంచి, యాస లేని, తొణుకు లేని గొంతు రోడ్డు దాకా హాయిగా తేలి వచ్చింది.

"శ్రోతలకు శుభోదయం. ఈనాటి పాటను కోరినవారు, గేటు బయట బస్‌స్టాపు నుంచి, సురేంద్ర."

పాట వచ్చింది. బస్సు మాత్రం ఎంత కోరినా రాలేదు.